కుక్కల కడుపులో నట్టలు: బిలాస్‌పూర్ గోల్ బజార్

కుక్క పేగుల్లో చేరి దాని తిండినో రక్తాన్నో తిని బతికే పురుగులన్నిటికీ పల్లెల్లో నట్టలు అని పేరు. గొర్రెలకూ మేకలకూ తాగించేది నట్టల మందు కాబట్టి కుక్కకూ ఆ మాటే అంటుకుంది. పట్నాల్లో డీవార్మింగ్ అంటారు. కుక్కల్లో తరచుగా కనిపించేవి నాలుగు రకాలు: కొంకిపురుగులు, ఏలికపాములు, బద్దెపురుగులు, కొరడాపురుగులు. నాలుగింటి పోకడలూ వేరు, చేసే నష్టం వేరు, కుక్కలోకి దూరే దారులూ వేరు. ఒక్క మాత్రతో అన్నీ పోతాయన్న నమ్మకం మాత్రం అందరిలో ఒకటే. అది సగం నిజం. మాత్ర పనిచేసేది ఆ రోజు పేగులో ఉన్న పురుగు మీద. పురుగుల్లో ఎక్కువ భాగం ఏ రోజైనా పేగులో ఉండవు. నేలలో గుడ్లుగానో, తల్లికుక్క కండల్లో పిల్లపురుగులుగానో ఉంటాయి.

ఈ వ్యాసం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను, అందులోనూ గోల్ బజార్ వీధులను దృష్టిలో పెట్టుకుని సాగుతుంది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని రైల్వే పెంచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని ఇటుగా వేసింది. 1902లో వాల్తేరు వైపు తీరమార్గపు ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. 1931 నాటికి విజయనగరం, రాయపూర్‌ల మధ్య రైలు నడిచింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్ళు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా ఇక్కడికి చేరారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం ఇక్కడ పనిచేయడం మొదలుపెట్టింది. గోల్ బజార్ పాత ఊళ్ళోది, రైల్వే కాలనీ స్టేషన్ పక్కది. కుక్కలకు ఆ తేడా లేదు. కాలనీ క్వార్టర్ల పెరడులోనూ బజారు కాలువగట్టు మీదా తిరిగేవి ఒకే రకం నాటు కుక్కలు. పగలు కొట్ల అరుగుల కింద నీడన పడుకుంటాయి, షట్టర్లు దించాక రోడ్డు వాటిదే. ఏ ఇంటివీ కావు, అలాగని ఎవరికీ కానివీ కావు. ఒక కొట్టువాడు బిస్కెట్ వేస్తాడు, మరొకడు రాత్రి మిగిలిన రొట్టె వేస్తాడు. నట్టల మందు వేయడం ఎవరి వంతు అన్నది మాత్రం తేలదు.

నట్టల విషయంలో ఈ ఊరికి రెండు ముఖాలున్నాయి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరువగా పోతుంది. ఆ ఎండకు ఆరుబయట పొడినేలలో కొంకిపురుగు పిల్లలు బతకవు. జూన్‌లో వానలు పడగానే అదే నేల చిత్తడిగా, వెచ్చగా మారుతుంది. 23 నుంచి 30 డిగ్రీల వేడి, తడి, నీడ ఉంటే వాటికి అంతకన్నా అనువైన చోటు లేదు. సెప్టెంబరు దాకా అదే కాలం. కొళాయిల దగ్గర, కాలువల పక్కన, కూలర్ నీళ్ళు కారేచోట ఎండాకాలంలో కూడా చిన్న చిన్న తడి జాగాలు మిగిలే ఉంటాయి. కుక్కలు చల్లదనం కోసం వెతుక్కుని పడుకునేదీ సరిగ్గా అక్కడే.

కొంకిపురుగు

నాలుగింటిలో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది ఇదే. శాస్త్రజ్ఞులు ఆంకిలోస్టోమా కేనైనమ్ అంటారు. పొడవు సెంటీమీటరు నుంచి రెండు దాకా ఉంటుంది, తల భాగం వెనక్కి వంగి ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద నోరు చూస్తే దీని స్వభావం తెలిసిపోతుంది. నోటి అంచున మూడు జతల కోరలు. వాటితో పేగు లోపలి పొరను కొరికి పట్టుకుని, గాయం నుంచి వచ్చే రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలు వదులుతూ తాగుతుంది. తాగినచోటే ఉండిపోదు, ఒకచోట వదిలి మరోచోట పట్టుకుంటుంది. వదిలిన గాయం ఇంకా కాసేపు కారుతూనే ఉంటుంది. ఈ పదార్థాల్లో ఒకదాన్ని వేరుచేసి మనుషుల్లో రక్తం గడ్డకట్టడాన్ని ఆపే మందుగా పనికొస్తుందేమోనని పరీక్షించారు కూడా.

ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.1 మిల్లీలీటరు రక్తం పోతుందని లెక్క. వినడానికి చిన్నదే. కిలో బరువున్న కుక్కపిల్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు. వంద పురుగులు చేరితే రోజుకు 10 మిల్లీలీటర్లు పోతున్నట్టు. వారం తిరిగేసరికి ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు. పిల్ల పాలు తాగడం మానేస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది, విరేచనం నల్లగా తారులా పడుతుంది. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలో తెల్లబడ్డ మచ్చ రెండు సెకన్ల లోపే తిరిగి గులాబీ రంగుకు వస్తుంది. పురుగులు పట్టిన పిల్లలో అసలు నొక్కకముందే చిగురు సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. అప్పటికి మాత్ర ఒక్కటే సరిపోదు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

కుక్కలోకి ఈ పురుగు దూరే దారులు మూడు. మట్టితో, నీళ్ళతో, తిండితో నోట్లోకి పోవడం ఒకటి. నేల మీది పిల్లపురుగు పాదాల చర్మం తొలుచుకుని లోపలికి పోవడం రెండోది. ఈ రెండోదాన్ని కనుక్కున్న తీరు వైద్య చరిత్రలో పేరు పడ్డ కథ. 1898లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ లూస్ మనిషి కొంకిపురుగు పిల్లలున్న నీటిచుక్కలు పొరపాటున తన చేతి మీద ఒలకబోసుకున్నాడు. అక్కడ దురద పుట్టింది, చర్మం కందింది. తర్వాత కొన్ని వారాలకు ఆయన మలంలోనే ఆ పురుగు గుడ్లు కనిపించాయి. చర్మం గుండా వెళ్ళిన పిల్లపురుగు రక్తంలో ఊపిరితిత్తులకు చేరి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగుకు దిగుతుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. వానాకాలంలో వీధికుక్కల వేళ్ళ సందుల్లో కనిపించే ఎర్రని పుళ్ళకు కొన్నిసార్లు ఇదే కారణం. చాలామంది దాన్ని బురదపుండు అనుకుని వదిలేస్తారు.

మూడోది తల్లిపాలు. అన్నిటికన్నా మొండిది ఇదే. పెద్ద కుక్క ఒంట్లోకి చేరిన పిల్లపురుగులన్నీ పేగుకు రావు. కొన్ని కండల్లో ఆగిపోయి నిద్రలో ఉన్నట్టు పడి ఉంటాయి. నెలలు గడిచినా చావవు, మామూలు మాత్రలు వాటిని చేరలేవు. కుక్క చూలుతో ఉండి ఈనే రోజులు దగ్గరపడగానే అవి మేలుకుంటాయి. పొదుగుకు చేరి పాలలో దిగుతాయి. పిల్లలు తాగుతాయి. ఒకసారి బాగా పురుగులు పట్టిన తల్లి, మళ్ళీ కొత్తగా పురుగు సోకకపోయినా, వరసగా మూడు ఈతల పిల్లలకు ఇలా పంచిపెట్టగలదని ప్రయోగాల్లో చూశారు.

ఇందులో వైద్యుణ్ణి కూడా మోసపుచ్చే సంగతి ఒకటి ఉంది. పాలతో వెళ్ళిన పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు వారాలకు పైనే పడుతుంది. రక్తం తాగడం మాత్రం అంతకన్నా ముందే మొదలుపెడుతుంది. పది పన్నెండు రోజుల పిల్ల పాలిపోయి చచ్చిపోతుంది, దాని మలం పరీక్షిస్తే ఒక్క గుడ్డూ కనబడదు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న ఆరు పిల్లల్లో రెండో వారం దాటేసరికి రెండో మూడో మిగలడం గోల్ బజార్ లాంటి చోట ఎవరికీ వింతగా అనిపించదు. చలి అంటారు, బండి కింద పడిందంటారు, దిష్టి అని కూడా అంటారు. వీటిలో కొన్నయినా కొంకిపురుగు చావులే అయి ఉంటాయి.

ప్రాణం తీయనంత మాత్రాన పెద్ద కుక్కను ఇది వదిలేస్తుందని కాదు. రోజూ కొంచెం కొంచెంగా రక్తం పోతుంటే ఒంట్లో ఇనుము తరిగిపోతుంది. బొచ్చు గరుకుబారుతుంది, కుక్క తొందరగా అలసిపోతుంది, పక్కటెముకలు బయటపడతాయి. తిండి సరిగా దొరికే కుక్క ఈ నష్టాన్ని పూడ్చుకుంటూ పోగలదు. రోజంతా రెండు బిస్కెట్ల మీద బతికే కుక్కకు అది చేతకాదు. ఒకే పురుగుభారం ఒక కుక్కలో పైకి కనబడకుండా ఉండి మరో కుక్కను కుంగదీయడానికి కారణం ఎక్కువగా తిండే.

ఏలికపాములు

వీటి సంగతి జనానికి బాగా తెలుసు, ఎందుకంటే ఇవి కంటికి కనిపిస్తాయి. టాక్సోకారా కేనిస్ అనే ఈ తెల్లని గుండ్రటి పురుగులు పది సెంటీమీటర్లు దాటి పెరుగుతాయి. పిల్ల వాంతి చేసుకుంటే సేమియాలా చుట్టచుట్టుకుని బయటపడతాయి. ఇంట్లోవాళ్ళు హడలిపోయి ఆస్పత్రికి పరిగెత్తేది అప్పుడే. ఆ రకంగా ఏలికపాము కుక్కకు ఒక మేలు చేస్తుందనే చెప్పాలి, కొంకిపురుగు అలా ఎప్పుడూ తనను తాను చూపించుకోదు.

ఇది తల్లి కడుపులో ఉండగానే పిల్లకు సోకుతుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. 42వ రోజు దాటాక తల్లి ఒంట్లో నిద్రాణంగా ఉన్న పిల్లపురుగులు మాయ గుండా గర్భంలోని పిల్లల్లోకి చేరతాయి. అంటే కళ్ళు తెరవకముందే, నేల మీద అడుగు వేయకముందే పిల్లలో పురుగుంది. మూడు వారాల వయసొచ్చేసరికి అవి పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. పిల్లలను నాకి శుభ్రం చేసే తల్లికి వాటి మలంతో పాటు పురుగులు తిరిగి చేరతాయి. పిల్లలకు మందు వేసి తల్లిని వదిలేస్తే ఫలితం దక్కకపోవడానికి కారణం ఇదే.

లక్షణాలు చెప్పుకోదగ్గవే: డోలులా ఉబ్బిన పొట్ట, సన్నని కాళ్ళు, మెరుపు లేని బొచ్చు, ఎదుగుదల లేకపోవడం. పిల్లపురుగులు ఊపిరితిత్తుల గుండా పోయేటప్పుడు దగ్గు, ఆయాసం వస్తాయి. పురుగులు మరీ ఎక్కువైతే పేగుకు అడ్డుపడి పిల్ల చనిపోతుంది. ఉబ్బిన పొట్ట చూసి పిల్ల బాగా తింటోందని మురిసిపోవడం తెలుగు ఇళ్ళల్లో నేటికీ ఉన్నదే. పొట్ట ఒక్కటే లావెక్కి వెన్ను ఎముకలు చేతికి తగులుతుంటే అది తిండి వల్ల వచ్చిన పొట్ట కాదు.

ఒక ఆడ ఏలికపాము రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డుకు దళసరి పెంకు ఉంటుంది. కొంకిపురుగు పిల్లలను చంపే ఎండ దీన్ని అంత సులువుగా ఏమీ చేయలేదు, మట్టి కప్పుకున్న గుడ్లు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఫినాయిల్‌తో కడిగితే పోతాయనుకోవడం వట్టి భ్రమ. గచ్చు మీద మలాన్ని ఆ రోజుకారోజు ఎత్తేసి, సలసల కాగే నీళ్ళు పోయడమే మేలు.

బద్దెపురుగులు, వక్క కథ

కుక్క తోక కింద, పడుకున్న గోనె మీద దోసగింజల్లాంటి తెల్లటి తునకలు మెల్లగా కదులుతూ కనిపిస్తే అది డిపిలిడియం కేనైనమ్ అనే బద్దెపురుగు. కదిలేది పురుగు కాదు, దాని గొలుసులోంచి తెగిన ఒక ముక్క. ఆరిపోతే చిన్నగా ముడుచుకుపోతుంది. ఈ పురుగు గుడ్లు కుక్కకు నేరుగా సోకవు, మధ్యలో గోమారి (ఫ్లీ) కావాలి. గోమారి పిల్లదశలో ఈ గుడ్లను తింటుంది. పెద్దదైన గోమారిని కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ మింగేస్తుంది. గోమారులను వదిలేసి మాత్రలు వేస్తే మూడు వారాల్లో మళ్ళీ తునకలు కనబడతాయి, యజమాని మందు నకిలీదని కొట్టువాడితో తగువుకు దిగుతాడు. కుక్కకు దీనివల్ల పెద్ద హాని లేదు.

హాని చేసే బద్దెపురుగు వేరే ఉంది. అది మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లకు మించదు. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అని పేరు. కుక్కను ఏమీ అనదు. దాని గుడ్లు గొర్రెల్లోకో మనుషుల్లోకో చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడుతుంది. కోసిన గొర్రెల తిత్తులున్న కాలేయాన్ని కుక్కలకు విసిరేయడంతో వలయం పూర్తవుతుంది. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న ఆంధ్ర, తమిళ ప్రాంతాల్లో ఈ తిత్తుల జబ్బు ఎక్కువని మన వైద్య పుస్తకాలు ఎప్పటినుంచో రాస్తున్నాయి. మాంసం కొట్టు వెనక కుక్కల గుంపు చేరే ఏ ఊరికైనా ఇది వర్తిస్తుంది, బిలాస్‌పూర్‌కూ అంతే.

ఎకైనోకాకస్ నిర్మూలన చరిత్రలో మన వక్కకు చోటుంది. వక్కలో ఉండే అరెకొలీన్ అనే పదార్థం బద్దెపురుగును పట్టు వదిలేలా చేసి, కుక్క పేగును గట్టిగా కదిలించి విరేచనం చేయిస్తుంది. 20వ శతాబ్దంలో న్యూజీలాండ్‌లో గొర్రెల కాపలా కుక్కలను వరసగా కట్టేసి అరెకొలీన్ తాగించి, బయటపడిన దాన్ని పరీక్షించి ఏ కుక్కలో ఎకైనోకాకస్ ఉందో తేల్చేవారు. కుక్కలకు అది నరకమే. పని మాత్రం జరిగింది: పశువధశాల వ్యర్థాలు కుక్కలకు పెట్టకుండా చట్టం చేయడం, ఏళ్ళ తరబడి కుక్కలకు మందు వేయడం కలిసి 2002లో ఆ దేశం ఈ జబ్బు నుంచి బయటపడ్డట్టు ప్రకటించుకుంది. 1970ల్లో ప్రాజిక్వాంటెల్ వచ్చాక అరెకొలీన్ అవసరం తీరిపోయింది. ఇప్పుడు కుక్కకు వక్క పెట్టాలని ఎవరైనా అంటే వినకూడదు. మందుకూ విషానికీ మధ్య దూరం దానిలో చాలా తక్కువ.

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఫాల్గుణంలో ఎర్రగా పూసే మోదుగ గింజలకూ, వాయువిడంగాలకూ ఆయుర్వేదంలో క్రిమిహరాలని పేరుంది. చరక సంహిత విమానస్థానం క్రిములను ఇరవై రకాలుగా లెక్కపెట్టి, చికిత్సను మూడు మెట్లుగా చెప్పింది: ఉన్నవాటిని బయటకు తీయడం, అవి బతికే పరిస్థితిని మార్చడం, అవి పుట్టే కారణాన్ని తప్పించడం. మూడో మెట్టును మనం ఎంత నిర్లక్ష్యం చేశామో పై పేరాలు చదివితే తెలుస్తుంది. ఇంటి వైద్యాల్లో వెల్లుల్లి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వెల్లుల్లి, ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కొంకిపురుగుతో ఇప్పటికే పాలిపోయిన కుక్కకు వెల్లుల్లి నూరి పెట్టడమంటే ఉన్న రక్తాన్నీ తీసేయడమే.

కొరడాపురుగు గురించి క్లుప్తంగా చాలు. ట్రైక్యూరిస్ వల్పిస్ పెద్దపేగు మొదట్లో తల గుచ్చుకుని ఉంటుంది. జిగురుతో, అప్పుడప్పుడు రక్తంతో విరేచనాలు వస్తూ తగ్గుతూ ఉంటాయి. సోకినప్పటి నుంచి గుడ్లు కనిపించడానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది కాబట్టి తొలి పరీక్షల్లో దొరకదు. మందు కూడా నెలల తేడాతో మళ్ళీ మళ్ళీ వేయాలి.

ఉప్పునీళ్ళ పరీక్ష

పురుగు ఉందో లేదో తేల్చే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 1921లో విల్లిస్ అనే పరిశోధకుడు వివరించిన పద్ధతి నేటికీ నడుస్తోంది. ఇక కరగదన్నంత దాకా వంట ఉప్పును నీళ్ళలో కలుపుతారు. రెండు మూడు గ్రాముల మలాన్ని అందులో కలియదిప్పి, టీ వడకట్టే జల్లెడతో వడకట్టి, చిన్న గాజుగొట్టంలో అంచు పైకి ఉబికేదాకా పోస్తారు. పైన పలుచని గాజుపలక ఆనిస్తారు. ఉప్పునీళ్ళ కన్నా తేలికైన గుడ్లు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. పది పదిహేను నిమిషాల తర్వాత ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెడితే పలచని పెంకులో నాలుగైదు కణాలు కనిపించే కోలగుడ్లు కొంకిపురుగువి. దళసరి, గరుకు పెంకుతో గుండ్రంగా నల్లగా ఉన్నవి ఏలికపామువి. రెండు చివర్లా బిరడాలు బిగించినట్టున్నవి కొరడాపురుగువి.

మలం తాజాగా ఉండాలి. బిలాస్‌పూర్ వేడిలో కొంకిపురుగు గుడ్డు ఒక్క రోజులోనే పొదిగిపోతుంది. నిన్న సాయంత్రం నేల మీద పడినదాన్ని ఇవాళ పొట్లం కట్టి తెస్తే గుడ్డు ఉండదు, పైగా మట్టిలో సహజంగా ఉండే హానిలేని పురుగులు చేరి లెక్క తప్పుతుంది. గుడ్లు కనిపించకపోవడం పురుగులు లేవనడానికి రుజువు కాదని రెండో వారపు పిల్లల విషయంలో ముందే చూశాం. పిల్లలకు పరీక్షతో నిమిత్తం లేకుండా మందు వేయడం అందుకే.

మందులు

లెక్క ఇది: పిల్లలకు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాల వయసులో, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. పిల్లలకు వేసిన ప్రతిసారీ తల్లికీ వేయాలి. పిల్లల్లో పైరాంటెల్ ఏలికపాములకూ కొంకిపురుగులకూ పనిచేస్తుంది, రెండు వారాల పసికూనలకూ ప్రమాదం లేదు. పెద్దవాటికి కొట్లలో దొరికే మాత్రలు ఎక్కువగా ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ మూడూ కలిసినవి, పది కిలోల బరువుకు ఒకటి చొప్పున. బరువు తూచకుండా ఊహించి వేయడం అన్నిచోట్లా ఉన్న తప్పే. ఇంట్లో పెంచే కుక్క చూలుతో ఉంటే పశువైద్యుడి సలహాతో 40వ రోజు నుంచి ఈనిన రెండు వారాల దాకా రోజూ ఫెన్‌బెండజోల్ ఇచ్చే పద్ధతి ఉంది. తల్లి కండల్లోంచి మేలుకుని బయలుదేరిన పిల్లపురుగులను దారిలో పట్టుకోగలిగే మార్గాల్లో అదొకటి. వీధికుక్కకు ఐదు వారాల పాటు రోజూ మందు పెట్టడం మాటల్లో తేలికే.

మందుల షాపులో మనుషులకు అమ్మే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను కుక్కకు విరిచి వేయడం రివాజైపోయింది. ఏటా ఫిబ్రవరిలో బడుల్లో పిల్లలకు పంచే మాత్ర కుక్కకెందుకు పనికిరాదని అడుగుతారు. కుక్కల్లో అది ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తకణాల పుట్టుకనే ఆపేసిన సందర్భాలు నమోదయ్యాయి. పశువుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సూదిమందు వాడడం అంతకన్నా ప్రమాదం. కోలీ వంటి జాతుల్లో అది మెదడుకు చేరి చంపగలదు.

నట్టల మందుల చరిత్రలో ఒక తెలుగువాడి పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, 1947లో, డైఇథైల్ కార్బమజీన్ బయటికొచ్చింది. దాన్ని బోదకాలు మందుగా తెలుగువాళ్ళంతా ఎరుగుదురు, హెట్రజాన్ అన్న పేరు కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తెలిసినదే. ఆ మందును పరీక్షించిన జీవాల్లో గుండెపురుగు పట్టిన కుక్కలూ ఉన్నాయన్నది అంతగా తెలియని సంగతి. తర్వాత చాలా ఏళ్ళు అదే మందు కుక్కల్లో గుండెపురుగు రాకుండా రోజూ ఇచ్చే బిళ్ళగానూ, ఏలికపాముల మందుగానూ నడిచింది. అప్పటికే రక్తంలో గుండెపురుగు పిల్లలున్న కుక్కకు ఇస్తే ఒక్కసారిగా కుప్పకూలేది, కాబట్టి రక్తం చూడకుండా ఇచ్చేవాళ్ళు కాదు. 1987లో నెలకోసారి వేసే ఐవర్‌మెక్టిన్ బిళ్ళ వచ్చాక దాని వాడకం తగ్గిపోయింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు, ఇవేవీ ఆయన చూడలేదు.

మందులకు లొంగని కొంకిపురుగులు ఇప్పటికే పుట్టాయి. అమెరికాలో పందేల గ్రేహౌండ్లకు ఏళ్ళ తరబడి లెక్కలేనన్ని సార్లు మందు వేసిన చోట్ల మూడు తరగతుల మందులకూ చావని రకాలు గత కొన్నేళ్ళలో బయటపడ్డాయి. మన వీధికుక్కలకు మందు అతిగా పడే ప్రమాదం ఇప్పట్లో లేదు.

మనుషులకు

కుక్క అంటే జనానికి రేబిస్ భయం. అది న్యాయమైన భయమే. 2025లో బలోదా బజార్ జిల్లాలో కుక్క మూతిపెట్టిన మధ్యాహ్న భోజనం బడిపిల్లలకు వడ్డించిన సంగతిని బిలాస్‌పూర్‌లో ఉన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. అక్కడ కూడా మాటంతా టీకాల గురించే. నట్టల వల్ల మనిషికి వచ్చే జబ్బులు ఇంత గోల చేయవు.

కుక్క కరిస్తే నట్టలు రావు. ముట్టుకున్నంత మాత్రాన ఏలికపాములు అంటుకోవడమూ అరుదే, ఎందుకంటే కొత్తగా పడిన గుడ్డుకు సోకే శక్తి రావడానికి మట్టిలో రెండు మూడు వారాలు పట్టాలి. ప్రమాదమంతా మట్టిలో ఉంది. పసిపిల్లలు మట్టి నోట్లో పెట్టుకున్నప్పుడు టాక్సోకారా పిల్లపురుగు కాలేయానికో ఊపిరితిత్తులకో చేరుతుంది. కంటికి చేరితే చూపు పోవచ్చు. పరిశోధకుడు పాల్ బీవర్ బృందం 1952లో ఈ జబ్బుకు కారణం కుక్క పురుగేనని తేల్చింది. కొంకిపురుగు పిల్లలైతే చెప్పుల్లేని కాలి చర్మంలో దూరి, పేగుకు దారి తెలియక చర్మంలోనే వంకర టింకరగా పాకుతాయి. ఎర్రని గీత రోజురోజుకూ సాగుతుంది, దురద నిద్రపోనివ్వదు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్లేలో 1990 ప్రాంతంలో కుక్క కొంకిపురుగు మనిషి పేగులో కూడా చేరి తీవ్రమైన కడుపునొప్పి తెప్పిస్తుందని చూపించారు. ఇంకో బంధువు, ఆంకిలోస్టోమా సైలానికమ్, మనిషి పేగులో పూర్తిగా పెరిగి గుడ్లు కూడా పెడుతుంది. అసోం తేయాకు తోటల కుక్కల్లో దీన్ని గుర్తించారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు కేంద్రమైన కలకత్తాలో మేపుల్‌స్టన్, భాదురి అనే పరిశోధకులు 1940లోనే వీధికుక్కల పురుగులకూ మనుషుల జబ్బులకూ ఉన్న సంబంధం మీద వ్యాసం రాశారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు.

బజారులో ఏం చేయాలి

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, నట్టల మందు వేసి, టీకా ఇచ్చి పట్టినచోటే వదలాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ నవంబరు 7న రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆస్పత్రులు, బడుల ఆవరణల నుంచి పట్టిన కుక్కలను మళ్ళీ అక్కడ వదలకూడదని చెప్పింది. బిలాస్‌పూర్ స్టేషన్‌కు రెండోది, గోల్ బజార్‌కు మొదటిది వర్తిస్తాయి. న్యాయస్థానం ఉత్తర్వులో నట్టల మందు ప్రస్తావన రావడం మంచిదే. అయితే పట్టిన రోజు వేసిన ఒక్క మాత్ర ఆ రోజు పేగులో ఉన్న పురుగులనే చంపుతుంది. వానాకాలంలో వదిలితే, కాలువగట్టు మీద పడుకున్న కుక్కకు నెల తిరగకముందే కొంకిపురుగులు మళ్ళీ పడతాయి.

ఎక్కువ ఫలితం ఇచ్చేది ఆ ఉత్తర్వులోని కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సే, దాన్ని ఎవరూ నట్టల లెక్కలో చూడరు. ఆడకుక్క కండల్లో నిద్రపోతున్న పిల్లపురుగులను మేల్కొలిపేది చూలు. చూలు లేకపోతే మాయ గుండా ఏలికపాము పోదు, పాలలో కొంకిపురుగు దిగదు. రోజుకు లక్షల గుడ్లు నేల మీద చల్లేది ఎక్కువగా చిన్న పిల్లలే కాబట్టి, వీధిలో ఈతలు తగ్గినకొద్దీ మట్టిలోకి చేరే గుడ్లూ తగ్గుతాయి. బజారు కొట్లవాళ్ళు చందా వేసుకుని ఏదైనా చేయాలనుకుంటే, కుక్కలన్నిటికీ ఏడాదికోసారి మాత్రలు పంచడం కన్నా వానలకు ముందే ఆ వీధి ఆడకుక్కలను శస్త్రచికిత్సకు పంపడం మీద డబ్బు పెట్టడం మేలు. ఆ ఏడు అప్పటికే ఈనిన తల్లి ఉంటే, పిల్లలకు రెండు వారాలు నిండిన రోజు నుంచి తల్లీపిల్లలకు కలిపి మందు మొదలుపెట్టాలి.